గడప లేని గది

గోదావరి మండలములలో ఈనాటికిని అక్కడక్కడ మిగిలియున్న మండువా లోగిళ్లను పరికించినచో, నాలుగు వైపుల పెంకుటి వాలులనుండి జారిన వర్షమంతయు నట్టింటిలోనికే దిగివచ్చుచున్నను, ఆ యింటివారి పడక గాని, పొయ్యి గాని, ధాన్యపు గాదె గాని తడియకుండుట చూచువారికి వింత గొలుపును. మండువా నేల చుట్టునున్న వసారాకంటె జానెడు లోతుగా నుండుటయు, చూరు గోడను దాటి మూరెడు ముందునకు సాగియుండుటయు, పడిన నీరు తూముగుండ బయటికి పోవుటయు, ప్రతి గది ద్వారమునకును గడప యుండుటయు, ఇంటి వెలుపల అరుగును, అరుగునకు మెట్లును ఉండుటయు ఆ వింతకు కారణములు. ఆ కాలపు తాపీ మేస్త్రీకి ద్రవగతిశాస్త్రము పేరైనను తెలియదు. ఐనను నీటిని ఎక్కడ పడనీయవలెనో, ఎక్కడ మళ్లించవలెనో, ఎక్కడ అంగుళము ఎత్తుతో ఆపవలెనో తరతరముల అనుభవముచేత నతడు ఎరిగియుండెను. ఆ యెరుకయంతయు మట్టముల తేడాలో ఇమిడియున్నది.

ఎడ్లబండికి మాత్రము ఈ మర్యాదలు చెల్లలేదు. చక్రమునకు మెట్టు గిట్టదు. కావున పూర్వులు బండిని ఇంటికి ఎడముగా, మట్టినేల గల సావిడిలో విడిచిరి. అందులోనికి వాన వచ్చినను వచ్చిన దారినే పోవును, కర్రచక్రము నాలుగు చినుకులకు చెడునదియును కాదు. ఇరువదవ శతాబ్దమున మోటారుకారు వచ్చినది. దాని విలువ యెక్కువ, ఒళ్లంతయు ఇనుము, లోపలనంతయు తీగలు. కావున దానిని సావిడికి విడువక ఇంటిలోనికే తెచ్చుకొంటిమి. తెచ్చుకొన్నప్పుడు దాని చక్రముకొరకు మెట్లు తీసివేసితిమి, అరుగు కోసితిమి, గడప పెరికితిమి, వీధినుండి గచ్చువరకు నున్నని వాలుబాట వేసితిమి. చక్రము సుఖముగా దొరలివచ్చు ఆ బాటనే నీరును దిగివచ్చును. ఇంటిలోని గదులన్నిటిలో గడప లేని గది కారుషెడ్డు ఒక్కటే. దాని జలబాధలకెల్ల మూలమిదియే. చక్రము ఒప్పుకొనదగిన రూపమున ఆ గడపను తిరిగి కల్పించుట యెట్లన్నది ఈ అధ్యాయమున విచారింపబడు విషయము.

షెడ్డు తడిసినదని మొరపెట్టుకొను గృహస్థునకు ఇరుగుపొరుగువారు చెప్పు వైద్యము సాధారణముగా ఒక్కటే: ద్వారమునకు అడ్డముగ సిమెంటుతో చిన్న కట్ట వేయించుమందురు. ఆ కట్ట యొక్కొక్కచోట పనిచేయును. మరియొక్కచోట వేరొక దారిన లోపలికి వచ్చిన నీటిని బయటికి పోనీయక షెడ్డును చెరువు చేయును. వీధినుండి పారివచ్చు నీరు వేరు, బాటమీదనే కురిసిన నీరు వేరు, గాలి తెచ్చి కొట్టు జల్లు వేరు, సందులలో ప్రాకునది వేరు, నేలనుండి ఊరునది వేరు. ఒక్కొక్కదానిని నడపించు బలమును వేరే. వాన కురియుచున్న వేళ గొడుగు పట్టుకొని షెడ్డు ముందర పావుగంట నిలుచుండి చూచుటకు మించిన పరిశోధన లేదు. ఏలయన, వాన వెలిసిన పిమ్మట మిగిలిన మడుగు ఎంత నీరు వచ్చినదో చెప్పును గాని ఎటనుండి వచ్చినదో చెప్పదు.

మొదట వీధినీటి సంగతి. మన పట్టణములలోని వీధులకు ఒక విచిత్రమైన గుణము కలదు: అవి ఎదుగును. పాత తారుపొరను గీకి తీయకయే దానిపై క్రొత్తపొర పరచుట అలవాటైనచోట, పొరకొక అంగుళమో రెండంగుళములో చొప్పున వీధి పైకి వచ్చుచుండును. ఇల్లు మాత్రము కట్టిననాటి మట్టముననే నిలిచియుండును. తాత వీధికంటె రెండడుగుల ఎత్తున కట్టించిన ఇంటిలోనికి మనుమడు వీధినుండి మెట్టు దిగి పోవలసివచ్చుట హైదరాబాదు పాతపేటలలో తిరిగినవారికి క్రొత్త దృశ్యము కాదు. అట్లు ఎత్తయిన వీధిపై పడిన వాన తనకు పల్లమెక్కడనా యని వెదకికొనును. దానికి మొట్టమొదట దొరకునది మన షెడ్డు.

ఇట్టిచోట బాటను వీధి అంచునుండి తిన్నగా లోపలికి దింపుట పొరపాటు. మొదట కొంత ఎక్కించి, అచ్చటినుండి దింపవలెను. వీధికాలువ పొంగినప్పుడు నీరెంత ఎత్తున నిలుచునో ప్రహరీగోడమీది మరకవలన తెలియును. ఆ మరకకు నాలుగంగుళములైన పైన ఈ మిట్ట యుండవలెను. పోయిన గడపకు ఇది మారు. అయితే ఇందులో ఒక రేఖాగణితపు చిక్కు కలదు. చిన్నకారు ముందువెనుకల ఇరుసుల నడుమ దూరము సుమారు 2.4 మీటర్లు, దాని అడుగుభాగమునకును నేలకును నడుమ సందు సుమారు 17 సెంటీమీటర్లు. ఎనిమిదడుగులకు ఒక అడుగు చొప్పున ఎక్కి, అదే చొప్పున దిగు మిట్టమీదికి కారు సరిగా సగము వచ్చినప్పుడు, మిట్ట కొన రెండు చక్రములు నేలను తాకు చోట్లను కలుపు రేఖకంటె 15 సెంటీమీటర్లు పైకి పొడుచుకొనియుండును. మిగిలిన రెండు సెంటీమీటర్ల సందు ఖాళీ కారునకు చాలును గాని, నలుగురెక్కి, వెనుక పెట్టెలు నింపుకొని పెండ్లికి బయలుదేరిన కారునకు చాలదు. స్ప్రింగులు దిగును, అడుగు గీరుకొనును. కావున మిట్టను మొనగా విడువక మూడు నాలుగడుగుల మేర గుండ్రముగా తీర్చవలెను. స్థలమున్నచో వాలునే తగ్గించవలెను.

ఈ మిట్టను మన హద్దులోననే కట్టుకొనవలెనని వేరుగ చెప్పవలసి వచ్చుచున్నది. వీధికాలువపై బండలు పరచి, దానిపై సిమెంటు పోసి, బాటను రోడ్డుమీదికి చాపుట మనవారికి పరిపాటియైనది. అట్లు కప్పిన కాలువలో పూడిక తీయుటకు వీలుండదు, పూడినది పొంగును, పొంగినది మొదట ఆ బాట వేయించినవాని షెడ్డులోనికే వచ్చుట న్యాయముగనే యున్నను, పాపము పొరుగువారును దానితోపాటు మునుగుదురు.

మిట్ట వీధినీటిని ఆపును గాని, దానికి ఇవతల కురిసిన వానను ఆపలేదు. ఈ వానకు లెక్క సులభము. చదరపు మీటరుపై ఒక మిల్లీమీటరు వాన పడినచో ఒక లీటరు నీరగును. మూడు మీటర్ల వెడల్పు, ఆరు మీటర్ల పొడవు గల బాట 18 చదరపు మీటర్లు. గంటకు 5 సెంటీమీటర్ల చొప్పున గట్టివాన కురిసినచో దానిపై గంటకు 900 లీటర్లు, అనగా నిమిషమునకు 15 లీటర్లు పడును. నాలుగంగుళముల ప్లాస్టిక్ గొట్టము నూటికి ఒకటి వాటమున నిమిషమునకు 300 లీటర్లకు పైగా మోయగలదు. కావున షట్టరు ముందు అడ్డముగ తీసిన చిన్న కాలువ, దానిపై ఇనుపజాలీ, దానికొక గొట్టము ఉన్నచో ఈ పనికి ధారాళముగ సరిపోవును. ఐనను ఇట్టి కాలువలు పొంగుట తరచుగా చూచుచున్నాము. డాబామీది వాననీటి గొట్టమును తెచ్చి ఈ బాటమీదనే విడిచియుండుట దానికి ముఖ్యకారణము. నూరు చదరపు మీటర్ల డాబాపై అదే వాన నిమిషమునకు 83 లీటర్లు కురియును. బాటకు స్వంతమైన వానకంటె అయిదు రెట్లకు మించిన ఈ ప్రవాహమును, నాలుగడుగుల గొట్టమును ఒక మోచేయి బిగింపును మిగుల్చుకొనుటకై, ప్లంబరు మన వాకిట వదలిపోవును. జాలీపై వేపాకులు, కొబ్బరిపీచు, పాలసంచులు పరచుకొనుట రెండవ కారణము. జాలీ ఊడదీయుటకు వీలుగా లేక సిమెంటుతో బిగించియున్నచో ఆ కాలువ మొదటి వర్షాకాలముతోనే సమాప్తము. మరియొక సూక్ష్మము: నిటారు బాటపై వేగముగా దిగిన పలుచని నీటిపొర వెడల్పు లేని జాలీపై ఆగక అవతలికి దుమికిపోవును. కావున కాలువ వెడల్పు జానెడుకు తగ్గకుండుటయు, దానికి ముందు రెండడుగుల మేర బాటను ఇంచుమించు మట్టముగా నుంచి నీటి వేగమును చంపుటయు మేలు.

చక్రము జారకుండుటకై తడి సిమెంటుపై మేస్త్రీలు గీయు గాడుల విషయమున ఎవ్వరును శ్రద్ధ వహింపరు. అవి నిలువుగా గీచినచో ఒక్కొక్క గాడి యొక పిల్లకాలువయై వాననంతయు షట్టరు కాళ్లదగ్గరకు చేర్చును. అడ్డముగ గీచినచో నీరు వానిలో నిలిచి నాచు పట్టును. నడుమనుండి ఇరుప్రక్కలకు ఏటవాలుగ, చేపముల్లు తీరున గీచినచో చక్రమునకు పట్టు దొరకును, నీరు ప్రక్కలకు పోవును. దీనికి అదనముగ కానీ ఖర్చు లేదు. తాపీ పట్టిన చేయి తిరుగుటలో తేడా మాత్రమే.

ఇక గాలివాన. మేఘమునుండి జారిన చినుకు ఎంత ఎత్తునుండి పడినను గాలి నిరోధమువలన త్వరలోనే ఒక స్థిరవేగమును పొందును, దీనిని చరమవేగమందురు. 1949లో గన్, కింజర్ అను అమెరికా శాస్త్రజ్ఞులు ఈ వేగములను సూక్ష్మముగా కొలిచి ప్రకటించిరి. ఒక మిల్లీమీటరు వ్యాసము గల చినుకు సెకనుకు 4 మీటర్లును, రెండు మిల్లీమీటర్లది ఆరున్నర మీటర్లును, అయిదు మిల్లీమీటర్ల బొట్టు 9 మీటర్లును దిగును. ఇవి మనము ఊహించుకొను దానికంటె మందగమనములు. గంటకు 36 కిలోమీటర్ల గాలి వీచినచో, రెండు మిల్లీమీటర్ల చినుకు ఒక మీటరు క్రిందికి దిగులోపల ఒకటిన్నర మీటరు అడ్డముగ పోవును. షట్టరుపై రెండడుగుల సన్‌షేడు వేయించి నిశ్చింతగా నుండువారు ఈ లెక్కను చిత్తగింపవలెను: సన్‌షేడు అంచును ఒరసికొని వచ్చిన చినుకు దాని క్రింద 40 సెంటీమీటర్లు దిగకముందే షట్టరును తాకును, ఏడడుగుల షట్టరులో అయిదున్నర అడుగులకు మించి తడియును. అంతయు కాపాడవలెనన్నచో కప్పు పదకొండడుగుల దాకా ముందునకు సాగవలెను. పాత బంగళాలలోని పోర్టికో విలాసార్థము కట్టినదని తలచువారు కలరు గాని, దాని పొడవు చూడగా ఈ లెక్కకు ఆశ్చర్యకరముగ దగ్గరగా నుండును. షెడ్డు వాయవ్యమున ఉండవలెనా, ఆగ్నేయమున ఉండవలెనా యను వాస్తుచర్చ ఏండ్ల తరబడి సాగుచున్నది. కోస్తాలో ఇల్లు కట్టువారు అక్టోబరు, నవంబరు తుపానుల గాలి తరచుగా తూర్పు, ఈశాన్యములనుండి కొట్టునన్న సంగతిని కూడ ఆ చర్చలో ఒక మూల చేర్చుకొనిన బాగుండును.

షట్టరు రేకులపై పడిన జల్లు క్రిందికి జారి నేలను చేరును. అక్కడ ఏమి జరుగునో వంగి చూడదగినది. సాధారణముగా షట్టరు అడుగు పట్టీ లోపలి గచ్చుకు సమానమైన మట్టముననే వచ్చి ఆనును. జారిన నీరు ఆ పట్టీ మొదట సన్నని పాయగా చేరును. గాలి విసురు వచ్చినప్పుడెల్ల ఆ పాయ వణకి, పట్టీ క్రిందనుండి నాలుకవలె లోపలికి సాగును. బయట గాలి షట్టరును నెట్టుచుండగా లోపల పీడనము తక్కువగా నుండుటయే దీనికి హేతువు. గంటకు 72 కిలోమీటర్ల గాలి కలిగించు పీడనము సుమారు 240 పాస్కలులు. అది 24 మిల్లీమీటర్ల నీటిని ఎత్తి నిలుపుటకు సమర్థము. అనగా షట్టరు ఆను చోటు లోపలి గచ్చుకంటె ఒక్క అంగుళము, 25 మిల్లీమీటర్లు, పల్లముగా నున్నచో అంతటి గాలియు నీటిని ఆ మెట్టు ఎక్కించుటకు చాలీచాలక యుండును. అంగుళపు మెట్టును చక్రము గమనింపనైన గమనింపదు. గచ్చు వేయునప్పుడే ఈ మెట్టు విడిచిన మేస్త్రీ పదునైన బుద్ధిగలవాడు; తరువాత ఉలితో కొట్టి చేయుట ప్రయాసము, అందముగను రాదు. లోపలి గచ్చునకు ద్వారమువైపు నూటికి ఒకటి వాటమిచ్చుట దీనికి తోడు కావలెను, ఏలయన తడిసి వచ్చిన కారు తనతో తెచ్చు నీరును బయటికి పోవలసినదే.

నీటికి పైకి ప్రాకు గుణము కూడ కలదు. గాజును, సిమెంటును, ఇటుకను నీరు తడుపును. తలతన్యత దానిని సన్నని సందులలోనికి లాగును. దీనినే కేశనాళికీయత యందురు. సందు ఎంత సన్నమో అంత ఎత్తునకు నీరు ఎక్కునని 1718లో జ్యూరిన్ అను ఆంగ్లేయ వైద్యుడు నిరూపించెను. రెండు పలకల నడుమ ఒక మిల్లీమీటరు సందున్నచో నీరు 15 మిల్లీమీటర్లు ఎక్కును. సందు అందులో పదవ వంతైనచో 15 సెంటీమీటర్లు ఎక్కును. షట్టరుక్రింద రబ్బరుపట్టీ బిగించియు నీరు ఆగలేదని వగచువారి కష్టమునకు కారణమిది. పట్టీ గరుకునేలకు పూర్తిగ అతుకక వెంట్రుకవాసి సందులు విడిచినచో, అవి పెద్దసందుకంటె గట్టిగా నీటిని లాగును. రెండు అంచులును, వాని నడుమ వ్రేలెడు ఖాళీయును గల పట్టీ యైనచో, మొదటి అంచును దాటిన నీటికి ఆ ఖాళీలో సందు ఒక్కసారిగ వెడల్పగుటవలన లాగుబలము తెగిపోవును. సన్‌షేడు అడుగుభాగమున అంచుకు రెండంగుళముల లోపలగా పొడవునా తీయు గాడియు ఇట్టి ఉపాయమే: అంచునుండి జారక అడుగునంటి గోడవైపు ప్రాకు బొట్టు ఆ గాడికడ ఆగి, బరువెక్కి, నేల రాలును. రంగులవారు గోడ నున్నగా నుండవలెనని ఈ గాడిని పుట్టీతో పూడ్చివేయుట చూచినచో ప్రాణము ఉసూరుమనును.

నేలనుండి ఊరు తేమ ఇంతకంటె మొండిది. శ్రావణమాసమున షెడ్డు గచ్చుపై తడి కనబడినచో అది క్రిందనుండి వచ్చినదో, గాలిలోని ఆవిరి చల్లని నేలపై బొట్లుగా కట్టినదో మొదట తేల్చుకొనవలెను. మూరెడు చదరపు పాలిథీన్ కాగితమును గచ్చుపై పరచి, నాలుగంచులను టేపుతో గాలి చొరకుండ అంటించి, ఒక రాత్రియు ఒక పగలును విడిచి చూచినచో సంగతి బయటపడును. కాగితము అడుగున బొట్లున్న అది భూమినీరు. పైన ఉన్న అది ఆవిరి. ఆవిరికి కిటికీ చాలును. భూమినీటికి ఇంటి వెలుపల పని యున్నది. గుంటూరు, కర్నూలు మండలములందును, తెలంగాణమున పెక్కుచోట్లను గల నల్లరేగడి వేసవిలో ముడుచుకొని పునాదిగోడ ప్రక్కన బెత్తెడు నెర్రె విడుచును; తొలకరి వాన తిన్నగా ఆ నెర్రెలో దిగి గోడవెంట అడుగునకు పోవును. ఇంటిచుట్టు మూడడుగుల వెడల్పున బయటికి వాటముగ గచ్చు వేసి ఆ నెర్రెను కప్పుట ప్రథమ చికిత్స. లోపలినుండి గోడకు ఎన్ని పూతలు పూసినను, వెనుకనుండి నీరు నెట్టుచున్నంతకాలము అవి పొక్కి రాలుచునే యుండును.

ఈ నెట్టుబలము సెల్లారులలో భయంకరరూపము దాల్చును. నీరు ఒక మీటరు లోతున చదరపు మీటరునకు వేయి కిలోల బలముతో నొత్తును, పైకి నొత్తుటలోను అంతే. అడుగున వేసిన 15 సెంటీమీటర్ల కాంక్రీటు పలక చదరపు మీటరునకు 360 కిలోలకు మించి తూగదు. కావున చుట్టునున్న భూమిలో నీరు ఆ పలక అడుగు మట్టమునకు 36 సెంటీమీటర్ల పైకి వచ్చుసరికే పలక బరువు చెల్లిపోవును. అటుపై అది బీటలు వారుటయో, ఉబ్బుటయో తప్పదు. గోడ వెలుపల కంకర నింపి, అడుగున చిల్లుల గొట్టము పరచి, ఆ నీటిని లోపలి సంపునకు తెచ్చుకొని మోటారుతో తోడివేయుట లోతైన సెల్లారులకు ఉచితమైన మార్గము.

2000 ఆగస్టు 24న హైదరాబాదులో 24 గంటలలో 24 సెంటీమీటర్ల వాన పడెను. 2020 అక్టోబరు 13న బేగంపేటలో సుమారు 19 సెంటీమీటర్లు పడినది. ఈ రెంటి నడుమ నగరమున అపార్టుమెంటులు పెరిగినవి, వాని క్రింద సెల్లారులు పెరిగినవి. 2020లో ఆ సెల్లారులలోని కార్లు వరుసలు వరుసలుగ మునిగినవి. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు విజయవాడపై పడినప్పుడు ఇండ్లే మునుగగా షెడ్ల మాట చెప్పనక్కరలేదు. అట్టి వరదకు మిట్టలును, జాలీలును సమాధానము కావు. కాని వరద లేని సామాన్యపు గట్టివానకు కూడ సెల్లారులు మునుగుట చూచుచున్నాము. సంపునీటిని విడుచు గొట్టమును వీధికాలువకు తిన్నగా కలిపి, నడుమ నాన్ రిటర్న్ వాల్వు పెట్టకుండుట దీనికొక కారణము. వీధికాలువ నిండగనే ఆ గొట్టము పనివాడు శత్రువైన చందమున వెనుదిరుగును. వాన వచ్చిన గంటలోనే కరెంటు పోవుట రెండవ కారణము. మోటారుకు ఇన్వర్టరో, డీజిలు యంత్రమో ఆధారము లేనిచో అది పొడిదినముల అలంకారము. స్విచ్చిబోర్డులు మనిషి రొమ్మెత్తునకు తగ్గరాదు. మునిగిన సెల్లారులోనికి మెయిన్ ఆపకుండ కాలు మోపుట ప్రాణాంతకము.

కార్ల సంగతి. నాలుగు మీటర్ల పొడవు, 1.7 మీటరు వెడల్పు గల కారు అడుగు వైశాల్యము సుమారు 6.8 చదరపు మీటర్లు. వేయి కిలోల బరువు గల ఆ కారు, లోనికి నీరు చొరకున్నంతవరకు, అడుగుభాగము 15 సెంటీమీటర్లు మునుగుటతోనే తేలుటకు సిద్ధమగునని ఆర్కిమిడీసు సూత్రము చెప్పుచున్నది. అడుగునున్న 17 సెంటీమీటర్ల సందును కలిపినచో నీటి లోతు 32 సెంటీమీటర్లు, అనగా ఒక అడుగుపైన సుమారు అర అంగుళము. సెల్లారులో మోకాలికి రాని నీటిలో కార్లు కదలి ఒండొంటికి గుద్దుకొనుటకు ఇదియే కారణము.

నీరు తీసిన పిమ్మట యజమాని చేయు మొదటి పని సాధారణముగా తాళము త్రిప్పి చూచుట. అది చేయరాదు. ఇంజనులోని సిలిండరునకు పీల్చుకొనవలసినది గాలి. గాలి నొక్కిన నొక్కుకొనును, నీరు నొక్కుకొనదు. గాలిగొట్టముగుండ సిలిండరులో చేరిన నీటిని పిస్టను పైకి వచ్చి ఒత్తినప్పుడు వంగునది నీరు కాదు, పిస్టనును మోయు ఇనుపకడ్డీ. అప్పటివరకు వడపోతలును, నూనెయు మార్చుటతో పోవు నష్టము ఒక్క త్రిప్పుతో ఇంజను ధరకు చేరును. మునిగిన కారును స్టార్టు చేయుటవలన ఇంజనుకు కలిగిన నష్టమును, దానికై వేరుగ రక్షణ కొనియుండనిచో, బీమా కంపెనీలు సాధారణముగా చెల్లింపవు. బ్యాటరీ తీగ విప్పి, నీరు కారు తలుపులపై ఎంత ఎత్తువరకు వచ్చినదో మరకతో సహా ఫోటోలు తీసి, బండిని తాడుతో గాని ట్రక్కుమీద గాని మెకానికు కడకు చేర్పవలెను.